చుక్క వెయ్యని ట్రాలీ

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో గంజి పెట్టడమంటే స్వర్ణకుమారి పేరే చెప్పాలి. ఆమె తండ్రి రైల్వే గార్డు. కూతురు గంజి పెట్టిన తెల్ల యూనిఫాం ఆయన డ్యూటీ దిగేదాకా నలిగేది కాదని వీధంతా చెప్పుకునేది. వీధి మరిచిపోతే ఆమే గుర్తుచేసేది.

అంతటి మనిషికి, భర్త పోయాక దొరికిన పని గంజి పోయిందో లేదో చూడటం. ఊరి చివర బట్టల ఫ్యాక్టరీలో. మగ్గం మీద తెగకుండా నూలుకి పట్టించిన గంజిని తొట్టెలో వేడినీళ్ళూ మందూ పోసి వదలగొడతారు. ఆ తొట్టె నడిపేది ఆమె వీధివాడే, బుజ్జిబాబు. ఆమెకు ఉద్యోగం ఇప్పించిందీ అతనే. తొట్టెలోంచి తీసిన గుడ్డ ట్రాలీ బయటికి రాగానే స్వర్ణకుమారి గుడ్డ మీద అయొడిన్ చుక్క వెయ్యాలి. చుక్క నీలంగా మారితే గంజి మిగిలినట్టు, గుడ్డ మళ్ళీ తొట్టెలోకి పోవాలి. మారకపోతే కార్డు మీద సంతకం చేసి రంగుకి పంపాలి.

మొదట్లో బుద్ధిగానే వేసింది. తర్వాత వేళ్ళతో నలిపి చూసి సంతకం పెట్టెయ్యడం మొదలుపెట్టింది. "గంజి సంగతి నాకు సీసా సెప్పాలేటి?" అనేది. చాలాసార్లు వేళ్ళు నిజమే చెప్పాయి. అదే కొంప ముంచింది.

ఆషాఢంలో ఒక ట్రాలీ అలాగే వెళ్ళిపోయింది. స్కూలు యూనిఫాం గుడ్డ. రంగు వేశాక చూస్తే, గంజి మిగిలినచోట రంగు పట్టక తానుల నిండా పాలిపోయిన మచ్చలు. సూపర్‌వైజర్ కార్డేదన్నాడు. కార్డు కనబడలేదు. టెస్టుకి ఆపకుండానే రంగుకి పంపేశావా అని బుజ్జిబాబు మీద విరుచుకుపడ్డాడు. అతను తల దించుకుని నిలబడ్డాడు. నాలుగడుగుల దూరంలో సీసా పట్టుకుని నిలబడ్డ స్వర్ణకుమారికి నోరు పెగల్లేదు. కార్డు తొట్టెలో పడి పోయుంటుంది, బతికిపోయాను అనుకుంది. అలా అనుకున్నందుకే తర్వాత తన మీద తనకి అసహ్యం వేసింది.

నాలుగో రోజున బుజ్జిబాబుని తీసేశారు. రెండు నెలలు ఆమె అతని గుమ్మం ముందునుంచి నడవలేదు. రేషన్ దుకాణానికి కూడా చుట్టు తిరిగి వెళ్ళేది.

ఒకరోజు అతని భార్య రాధారాణి తెల్ల చొక్కా పట్టుకుని వచ్చింది.

"రేపు ఆయన్ని కొత్త ఉద్యోగానికి రమ్మన్నారు వదినా. గంజి నువ్వెడితేనే బాగుంటాదన్నాడు."

ఆమె గంజి కాచి చొక్కాకి పెట్టింది. సాయంత్రం ఇస్త్రీ చేసిన చొక్కాతో తనే వాళ్ళింటికి వెళ్ళింది.

"ఆ ట్రాలీకి నాను సుక్క ఎయ్యలేదురా తమ్ముడూ. సంతకం మాత్రం ఎట్టినాను. నీ ఉద్యోగం నానే తీసినాను."

బుజ్జిబాబు పెట్టె తెరిచి, మడతపెట్టిన కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. దాని మీద ఆమె సంతకం.

"సూపిస్తే నిన్నక్కడికక్కడే గెంటేస్తారని జేబులో ఎట్టేసినాను అప్పా."

"మరి నీ ఉద్యోగం పోతంటే అప్పుడైనా సూపించలేదేటి?"

"నువ్వే సెప్తావనుకున్నాను," అన్నాడు. "మూడ్రోజులు సూసినాను."

స్వర్ణకుమారి చొక్కాని మంచం మీద పెట్టి, కార్డు తీసుకుంది. పొద్దున్నే ఆఫీసు తెరిచే వేళకి సూపర్‌వైజర్ గది ముందు నిలబడింది.