ఒకే రకం విమానాలు, రెండు రకాల బ్రేకులు

విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ ఆయన్ని 'అనుమానం మేస్త్రి' అంటారు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి. ఇరవై రెండేళ్లుగా, ఆయన సంతకం పడిందంటే ఆ విమానం వైపు మళ్లీ ఎవరూ తొంగి చూడరు. ఆయన సంపాదన అదే.

కంపెనీ మిగతా విమానాలన్నీ అమ్మేసి ఒకే రకం ఉంచుకుంది. ఒకే సామాను, ఒకే శిక్షణ, ఖర్చు తక్కువ. దానికి మేస్త్రి కూడా తలూపాడు. ఆ తర్వాత అదే రకానివి మూడు పాతవి బయటినుంచి అద్దెకొచ్చాయి. వాటిలో తేడాలు నేర్పే రెండు రోజుల క్లాసును దండగని ప్లానింగ్ ఆఫీసరు ఎత్తేశాడు. ఆ ఆఫీసరు స్వయానా మేస్త్రి భార్య తమ్ముడు.

"అన్నీ కవలలే బావా, వేరే పాఠమెందుకు?"

"కవలల్లో ఒకడికి జ్వరమొస్తే రెండోవాడికి మందేస్తావా?"

"పాలు కాగాయని అక్క చెప్పినా మూత తీసి చూస్తావట. నీతో ఏం వాదిస్తాం!"

ఆ మధ్యాహ్నం అద్దె విమానం ఒకదానికి బ్రేకు మార్చాలి. స్టోర్సు ఇచ్చిన బ్రేకుకు బోల్టు రంధ్రాలు సరిగ్గా కుదిరాయి. చేతికి బరువే తేడాగా తగిలింది. బ్రేకుకు బిగించిన పేరు రేకు మీద చూస్తే, విమానానికున్న మిగతా బ్రేకుల తయారీదారు కాదు, వేరు. పుస్తకం తిరగేశాడు: రెండూ పడతాయి గానీ ఒకే విమానానికి కలిపి వేయకూడదు, పట్టు సమంగా ఉండదు.

"చూశావా నీ కవలల్ని!" అన్నాడు మేస్త్రి, అటుగా వచ్చిన బావమరిదితో. అంటూండగానే గుర్తొచ్చింది. మొన్న రెండో అద్దె విమానానికి బ్రేకు వేసింది తనే. రంధ్రాలు కుదిరాయి కదా అని రేకు చదవలేదు. రిజిస్టరు తీశాడు. ఇప్పుడు చేతిలో ఉన్న బ్రేకు తయారీదారే, కింద తన సంతకం. ఆ విమానంలోకి ఇప్పుడు జనం ఎక్కుతున్నారు.

బావమరిది గొంతు తగ్గించాడు. "రెండ్రోజులు తిరిగింది, ఏం కాలేదుగా. సాయంత్రం వచ్చాక మార్చేద్దాం. ఎవరికీ తెలీదు."

మేస్త్రి అతన్ని ఎగాదిగా చూశాడు. ఊరందర్నీ అనుమానించి, తన చేతిని మాత్రం నమ్మాడు తను. ఫోనెత్తాడు.

"దాన్ని కదలనివ్వకండి. తప్పుడు బ్రేకు ఉంది. వేసింది నేనే."

కాసేపటికి జనం గొణుక్కుంటూ దిగారు. మేస్త్రి జాకీ తోసుకుంటూ ఎండలోకి నడిచాడు. కాసేపు తటపటాయించి, బావమరిది బ్రేకున్న తోపుడు బండి పట్టుకుని వెనకాలే వచ్చాడు.

"ఇది సరైనదే బావా."

"ఎవరు చెప్పారు? రేకు చదువు. పైకి చదువు."