మా కేబుల్ పేరు చెప్పి మార్చిన ఫైనల్

2001 ఫిబ్రవరి. హిందూపురం రైల్వే స్టేషన్ రోడ్డులో ఒక బట్టల అంగడి మిద్దె మీద మా కేబుల్ టీవీ కంట్రోల్ రూం ఉండేది. పది అడుగుల గది. ఒక గోడ పొడవునా రిసీవర్లు, మాడ్యులేటర్లు. మాడ్యులేటర్ అంటే ఒక్కొక్క చానెల్‌ను ఒక్కొక్క నంబరు మీద కూర్చోబెట్టి వైరులోకి పంపే పెట్టె. మా అన్న రామాంజి స్తంభాలెక్కి వైర్లు లాగేవాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, లోపల మెషీన్ల ముందు కూర్చునేదాన్ని. ఆడపిల్ల కేబుల్ నడపడమేమిటని మొదట్లో నవ్విన వాళ్లే, బొమ్మ పోయినప్పుడు "నాగరత్నమ్మను పిలవండి" అనేవాళ్లు.

మా దగ్గర ఒక లోకల్ చానెల్ కూడా ఉండేది. పెళ్లి క్యాసెట్లు, గుడి ఉత్సవాలు, తప్పిపోయిన ఎనుముల ప్రకటనలు, అన్నీ అందులోనే. ఏటా కాలేజీ గ్రౌండులో జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంటును ఆ సంవత్సరం మొదటిసారి లైవ్ ఇవ్వాలనుకున్నాం. గ్రౌండు నుంచి మా గది దాకా వైరు లాగి, మధ్యలో మూడు చోట్ల యాంప్లిఫైయర్లు పెట్టాం. వైరులో దూరం పోయేకొద్దీ సిగ్నల్ నీరసపడుతుంది. దానికి మళ్లీ బలమిచ్చేది యాంప్లిఫైయర్. అది నడవాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు పక్కనున్న ఇంటి నుంచే తీసుకుంటాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. జరిగిన అన్యాయమంతా దీనితోనే అర్థమవుతుంది.

హిందూపురంలో ఫుట్‌బాల్ పిచ్చి ఎలాంటిదో బయటివాళ్లకు తెలియదు. మా మెట్ల కింద టైలర్ ఖాదర్ బాషా అంగడి. సాయంత్రమైతే అక్కడ పది మంది చేరి, ఎవరు ఎవరితో ఆడాలి, ఏ రోజు ఆడాలి, లైవ్ వస్తుందా రాదా అని కొట్లాడుకునేవాళ్లు. ఆయన మిషన్ తొక్కుతూనే తీర్పులిచ్చేవాడు. లీగ్ మ్యాచ్‌లు ముగిసేసరికి నాలుగు జట్లు మిగిలాయి. హిందూపురానికి కొత్తచెరువుతో ఒక సెమీఫైనల్, ధర్మవరానికి పెనుకొండతో ఇంకొకటి. అచ్చు వేసిన కాగితంలో రెండు సెమీఫైనల్సూ శుక్రవారమే ఉన్నాయి, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. శనివారం అందరికీ విశ్రాంతి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫైనల్. అందులో ఎవరికీ అన్యాయం లేదు.

మొదటి అన్యాయం బుధవారం జరిగింది. సెమీఫైనల్‌కు వచ్చిన ఒక్కో జట్టు బయటి ఊరి ఆటగాణ్ని ఒకణ్ని తీసుకోవచ్చు. గెస్ట్ ప్లేయర్ అంటారు. నలుగురి పేర్లను టోర్నమెంటు కమిటీ ముందుగానే ప్రకటించింది. అందరికంటే తక్కువ పాయింట్లు వచ్చిన జట్టు ముందు ఎంచుకోవాలని రూలు. ఆ లెక్కన ధర్మవరం వంతు మొదటిది. వాళ్ల గోల్‌కీపర్‌కు వేలు విరిగింది. ఆ నలుగురిలో ఒక మంచి గోల్‌కీపర్ ఉన్నాడు. కానీ ఆ రోజు స్టేజీ మీద కమిటీ సెక్రటరీ మైకు పట్టుకుని, "ఈసారి చీటీలు తీస్తాం" అన్నాడు. మొదటి చీటీ హిందూపురానికి వచ్చింది. తమకు బలమైన గోల్‌కీపర్ ఉండగా, హిందూపురం ఆ గోల్‌కీపర్‌నే ఎంచుకుంది. వాడుకోవడానికి కాదు, ధర్మవరానికి దక్కకుండా చేయడానికి.

అదంతా నేనే లైవ్ ఇచ్చాను. కింద ఖాదర్ బాషా కత్తెర బల్ల మీద కొట్టి, "నేను హిందూపురమోణ్నే. అయినా ఇది ఆట గాదు, దొంగతనం" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అయినా మనకెందుకులే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు మెట్ల మీద చాలా కాళ్ల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే ధర్మవరం జట్టు. భుజాలకు సంచులు, చేతుల్లో బూట్లు. ముందు నిలబడ్డవాడు కెప్టెన్ ఓబులేసు. పట్టుచీరల మగ్గం నేసే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కేబులోళ్లు మీరేనా?"

"అవునన్నా, కూర్చో."

"కూర్చునేదానికి రాలా. నీ టీవీ కోసరం మా మ్యాచ్ మార్పిచ్చినావంటనే?"

నాకు అర్థం కాలేదు. అతను జేబులోంచి మడిచిన కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. గ్రౌండు గేటుకు అంటించిన నోటీసు, చింపి తెచ్చాడు. 'కేబుల్ ప్రత్యక్ష ప్రసార సౌకర్యార్థం' అని మొదలైంది. హిందూపురం సెమీఫైనల్ అనుకున్నట్టే శుక్రవారం పొద్దున. ధర్మవరం, పెనుకొండల మ్యాచ్ శనివారం సాయంత్రం నాలుగింటికి. ఫైనల్ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి. అంటే హిందూపురం గెలిస్తే రెండు రోజుల విశ్రాంతి. ధర్మవరం గెలిస్తే, చెమట ఆరకముందే మళ్లీ గ్రౌండులోకి దిగాలి.

"నేను అడగలేదన్నా. ఒట్టు. ఈ కాగితం నేనిప్పుడే చూస్తున్నాను."

"నీ పేరే ఉండాది గదా దీంట్లో! మాకు ఒగరన్నా చెప్పలా. పాసింజర్ దిగి గ్రౌండు కాడికి పోతే, ఈ పొద్దు మీకు మ్యాచ్ లేదు పోండన్నారు. మగ్గం ఆపి వచ్చినాం మేము. మా సావుకారు ఒగ దినం సెలవిచ్చేదే గొప్ప. రేప్పొద్దు మళ్లా యాడ అడగల్ల?"

వెనకనుంచి ఇంకొకతను అన్నాడు: "గుంతలో కూర్చోని మగ్గం తొక్కేటోళ్లకు కాళ్లు ఉండవనుకున్నారేమో."

నేను ఆ కాగితం తీసుకుని నేరుగా గ్రౌండుకు వెళ్లాను. అప్పటికి హిందూపురం, కొత్తచెరువు మ్యాచ్ నడుస్తోంది. సెక్రటరీ షామియానా కింద కాఫీ తాగుతున్నాడు.

"సార్, ఇందులో మా పేరెందుకు రాశారు? మేము ఎప్పుడడిగాం?"

ఆయన నవ్వాడు. "ఏమ్మా, నీకొచ్చిన నష్టమేమి? లైవ్ కోసరమంటే ఎవురూ ఎదురు మాట్లాడరు. అందుకే రాసినాం."

"ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మా వైరు పోయే వీధికి కరెంటు కోత సార్. యాంప్లిఫైయర్లు నడవవు. మాకు పనికిరాని వేళ ఏదైనా ఉందంటే అది ఒక్కటే!"

"అయితే రికార్డు చేసి సాయంత్రం ఎయ్యి."

"అంటే ఇది లైవ్ కోసం కాదన్నమాట."

అప్పుడాయన నవ్వు ఆపాడు. "చూడమ్మా, మన ఊరి కప్పు మన ఊర్లోనే ఉండల్ల. నువ్వూ ఈ ఊరిదానివే గదా. ఆడకూతురువి, నీకేంటికి ఈ గొడవ? గ్రౌండులో వైరు ఏసుకునేదానికి ఒప్పుకున్నది మేము. వద్దంటే ఒగ నిమిషం పని."

ఆ కాగితం పట్టుకుని తిరిగి వచ్చాను. ఆయన చెప్పిన అబద్ధం కంటే, దాన్ని దాచుకోవాలని కూడా అనుకోకపోవడం నన్ను మండించింది. ఒక చిన్న గదిలో రెండు మెషీన్లు పెట్టుకుని బతికేవాళ్ల పేరు, అడగకుండా, చెప్పకుండా తీసుకుని, దానితో ఇంకొకరి కాళ్లు కట్టేశారు.

అన్నకు చెప్పాను. అన్న తల గోక్కున్నాడు. "తప్పే, కాదనను. అయితే ఫైనల్ అయిపోయేదాకా ఊరికే ఉందాం పాపా. ఈడ లైవ్ పోతే మళ్లా ఎవురూ రానీరు. సోమవారం నేనే పోయి అడుగుతా."

నేను ఊరికే ఉన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ వాక్యం రాయడానికి కలం ఆగుతోంది. ధర్మవరం వాళ్లు మధ్యాహ్నం రైలుకు వెనక్కు వెళ్లారు. నా దగ్గర మైకు ఉంది, తెర మీద అక్షరాలు వేసే టైటిల్ మెషీన్ ఉంది, ఊరంతా చూసే చానెల్ ఉంది. శుక్రవారం హిందూపురం సెమీఫైనల్ గెలిచాక, మిగిలిన రోజంతా అందులో చీరల అంగడి ప్రకటనలు తిప్పాను.

శనివారం వాళ్లు మళ్లీ వచ్చారు, పదకొండు మందే. మార్పు ఆటగాళ్లకు సెలవు దొరకలేదు. పెనుకొండ జట్టు కూడా మంచిదే, వాళ్లకూ ఇదే అన్యాయం. ఎవరు గెలిచినా మర్నాడు పొద్దున బలి కావలసిందే. నేను మానిటర్ ముందు కూర్చుని చూశాను. ఆట సమయం ముగిసింది, గోల్ లేదు. అదనపు సమయమూ ముగిసింది. అప్పుడు కెమెరా పట్టిన మా కుర్రాడు ఓబులేసును దగ్గరగా చూపించాడు. పిక్క పట్టేసి నేల మీద పడి ఉన్నాడు. అతని కాలును పైకెత్తి పట్టుకుని, పాదాన్ని వెనక్కి నొక్కుతున్నది ఎవరో తెలుసా? పెనుకొండ కెప్టెన్. చివరికి పెనాల్టీల్లో ధర్మవరం గెలిచింది. గెలిచినవాళ్లు ఎగరలేదు. గ్రౌండులో ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయారు.

నేనిక తట్టుకోలేకపోయాను. టైటిల్ మెషీన్ ముందుకు జరిగాను. తెర అడుగున అక్షరాలు పాకుతూ పోయే వరుసను మేము స్క్రోల్ అంటాం. అందులో ఇలా టైపు చేశాను: 'మ్యాచ్ వేళలు మార్చమని మా కేబుల్ ఎవరినీ అడగలేదు. ఆదివారం ఉదయం గ్రౌండు నుంచి మా వైరు వచ్చే వీధికి కరెంటు కోత. అప్పుడు ప్రసారం చేయలేము. అచ్చు వేసిన కాగితం ప్రకారం సాయంత్రం నాలుగింటికి ఆడిస్తే తప్పకుండా చేయగలం.'

అన్న చూశాడు. "పంపేసినావా?"

"పంపేశాను."

అన్న ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "రానీ. ఎవురు ఫోన్ చేసినా నేనే మాట్లాడతా."

పది నిమిషాల్లో ఫోను మోగడం మొదలైంది. మూడోది సెక్రటరీది. అన్న వింటూ, "తీయం సార్. దాంట్లో అబద్ధముంటే చెప్పండి, ఇప్పుడే తీస్తాం" అని పెట్టేశాడు. కింద ఖాదర్ బాషా అంగడి మూసి, ఇరవై మంది ఫుట్‌బాల్ అభిమానులను వెంటబెట్టుకుని కమిటీ ఆఫీసుకు వెళ్లాడు. అందరూ హిందూపురం వాళ్లే. "మన పిల్లోళ్లు గెలిస్తే గెలిచినట్టుండల్ల. నిద్రపోయేటోణ్ని కొట్టి గెలిచినామంటే ఎవురికి చెప్పుకునేది?" అని అక్కడ అడిగాడట. సెక్రటరీ ఒకే మాట పట్టుకున్నాడు. ముఖ్య అతిథికి పొద్దుటికి చెప్పేశాం, శనివారం సాయంత్రమైపోయింది, ఇక మార్చలేం. చీకటి పడేలోగా గ్రౌండులో మా వైరు కోసి చుట్టగా చుట్టి గేటు బయట పడేశారు.

ఫైనల్ ఎనిమిదింటికే జరిగింది. కెమెరా లేదు, నేను గట్టు మీద జనంలో నిలబడి చూశాను. మొదటి సగం ధర్మవరం గోల్ ఇవ్వలేదు. విరిగిన వేలికి గుడ్డ చుట్టుకున్న గోల్‌కీపర్ రెండుసార్లు బంతిని పిడికిలితో బయటికి కొట్టాడు. రెండో సగంలో వాళ్ల కాళ్లు ఆగిపోయాయి. బంతి పక్కనుంచే పోతున్నా తిరగలేకపోయారు. రెండు గోల్స్. హిందూపురం గెస్ట్ గోల్‌కీపర్ ఆటంతా బయట బెంచీ మీదే కూర్చున్నాడు. ముఖ్య అతిథి కప్పు ఇస్తుంటే గట్టు మీద సగం మంది చప్పట్లు కొట్టలేదు. మా ఊరి జట్టు కుర్రాళ్లు తలెత్తలేదు. వాళ్లనూ అవమానించింది ఆ కమిటీయే. వాళ్లు మామూలుగా ఆడినా గెలిచేవాళ్లేమో, అది కూడా ఎవరికీ తెలియకుండా చేశారు.

రైలుకు ముందు ఓబులేసు మా గదికి వచ్చాడు. ఈసారి ఒక్కడే, కుంటుతూ. నేను క్షమించమని అడగబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు అడగలేదని తెలిసిందక్కా. నిన్న రాసినావంట గదా, మా వాళ్లు చూసినారు. ఆ పొద్దు నిన్ను అరిసినాను, అది చెప్పేదానికే వచ్చినా."

"పరవాలేదన్నా."

అతను తలుపు దాకా వెళ్లి ఆగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అయితే ఒగ మాటక్కా. అదే మాట శుక్రవారం రాసింటే, వాళ్లకు మార్చేదానికి ఒగ దినముండేది గదా."

గోడ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగిపోయాడు. అన్న నా వైపు చూశాడు.

మరుసటి ఏడు కమిటీ మళ్లీ లైవ్ అడిగింది. మ్యాచ్‌ల కాగితం మీద ఆడే జట్ల కెప్టెన్లందరి సంతకాలు ఉంటేనే వస్తామన్నాను. ఒప్పుకోలేదు. రెండేళ్లు ఇంకో కేబుల్ వాళ్లు చేశారు. మూడో ఏడు కొత్త సెక్రటరీ వచ్చి సంతకాల కాగితం తానే తెచ్చాడు. అప్పటినుంచి 2008లో మేము ఆ వ్యాపారం అమ్మేసేదాకా అదే పద్ధతి.

ఈ వృత్తిలో ఉన్న కొత్త పిల్లలు నన్ను అడుగుతుంటారు, కేబుల్ పనిలో ముఖ్యంగా నేర్చుకోవలసింది ఏమిటని. సిగ్నల్ లెక్కలు ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పేది ఇంకొకటి. మీ చేతిలో ఊరంతా చూసే తెర ఉంటే, మీ పేరు వాడుకోవాలని చూసేవాళ్లు తప్పక వస్తారు. ఆ అబద్ధం మీది కాకపోవచ్చు. కానీ తెలిసీ మీరు నోరు మూసుకున్న గంట నుంచి అందులో మీకూ వాటా ఉంటుంది. నిజం చెప్పాలనుకుంటే, దానితో ఎవరికైనా పని జరిగే వేళకే చెప్పండి. నేను ఒక రోజు ఆలస్యంగా చెప్పాను.