నల్ల మెట్ల మీద వాన

నిన్న మా మనవరాలు కీబోర్డు మీద నల్ల మెట్లు మాత్రమే నొక్కుతూ తోచిందల్లా వాయించింది. వాటిలో ఏది నొక్కినా అపశ్రుతి రాదట. సంగీతం నేర్పే టీచరమ్మ మురిసిపోయింది.

బొగ్గుగని క్వార్టర్ల దోస్తులారా, మన భజన మందిరంలో కర్పూరం వాసన కొట్టే హార్మోనియం గుర్తుందా? చిన్నప్పుడు నేనూ దాని నల్ల మెట్ల మీదే మా ఇంటి రేకుల మీద పడే వానను వాయించాను. భజన మాస్టారు నా చేయి పట్టుకుని ఆపాడు.

"ఏందిరా గిది? రేకుల మీద వాన పడ్డట్టున్నది!"

సరిగ్గానే పోల్చుకున్నాడు. అయినా మిమ్మల్నందరినీ నవ్వించాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మా బాపు.

"తాతా, నువ్వు గూడ వాయించు" అంది మనవరాలు.

"నాకు రాదు బిడ్డా" అని సిగ్గుతో చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

మాస్టారూ, మీరు పోయి ఏళ్లయింది. మీ చేయి మాత్రం నా వేళ్ల మీంచి ఇంకా లేవలేదు.