హార్లన్ పేర బ్యాంకు పాలసీ

ఎవరినైనా ఇబ్బంది పెట్టడమంటే హార్లన్ ట్వెట్‌కి చచ్చేంత భయం. మా బ్యాంకు తరఫున రైతులకు అప్పులిచ్చేది అతనే. వసూలుకు వెళ్లినా కాఫీ తాగి, వానల గురించి మాట్లాడి, వెళ్లొస్తానని లేచాక గుమ్మం దగ్గర ఆగి అసలు విషయం కదిపేవాడు. మా ఉత్తర డకోటాలో అందరం కాస్త అలాంటివాళ్లమే కానీ, అతని మర్యాద మాకే విసుగు పుట్టించేది.

నేను బ్యాంకు కౌంటర్‌లో పనిచేస్తాను. వాళ్ల పక్కిల్లే మాది. ఆ వేసవిలో అతని భార్య ఆర్లిస్ పెరట్లో నన్ను పిలిచి చెప్పింది. హార్లన్‌కి క్లోమంలో కేన్సరట, డాక్టరు కొన్ని నెలలే అన్నాడట.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే చర్చివాళ్లంతా వంటలు మోసుకొస్తారట, పాపం వాళ్లకు శ్రమట," అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ ఏడాదే చక్కెర తీసే బీట్ దుంపల పొలాలు నీట మునిగాయి. అప్పులు తిరిగిరాక బ్యాంకు మూతపడేలా ఉంది. హార్లన్ ప్రాణం మీద బ్యాంకు ఎప్పుడో బీమా పాలసీ తీసుకుంది. ప్రీమియాలన్నీ బ్యాంకే కట్టింది. ఇప్పుడే వదులుకుంటే ఇప్పటిదాకా పోగైన నగదు విలువ చేతికొస్తుంది. అతను పోయేదాకా ఆగితే దానికి మూడింతలు వస్తుంది, అందులో కొంత ఆర్లిస్‌ది. జబ్బు సంగతి తెలియని బ్యాంకు అధ్యక్షుడు కర్టిస్ ఇప్పుడే వదులుకుందామన్నాడు. పాలసీ వదులుకోవడానికి హార్లన్ సంతకం కావాలి. అది పెట్టాడా, ఆర్లిస్‌కి చిల్లిగవ్వ రాదు, ఇల్లూ నిలవదు.

మీటింగుకి కాఫీ నేనే తీసుకెళ్లాను.

"ఎలా ఉన్నారు హార్లన్?" అన్నాడు కర్టిస్.

"వంక పెట్టడానికేం లేదు."

"సంతకం పెట్టడానికి మీకేం అభ్యంతరం లేదుగా?"

"అబ్బే, నాకేముంటుంది. బ్యాంకు బతకాలి కదా," అని కలం తీశాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది, ఒక్కరికీ కనపడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే భార్యకూ బ్యాంకుకూ మేలే. కానీ 'నేను పోతాను, కాస్త ఆగండి' అని ఏ మనిషి నోరు తెరిచి అడుగుతాడు?

"ఆ కాగితం తీసెయ్ కర్టిస్. ఆయనకి కేన్సర్. మంచు పడేదాకా కూడా ఉండడట," అన్నాను.

అందరూ తలలు దించుకున్నారు. కర్టిస్ కాగితం వెనక్కి లాక్కున్నాడు. అతని కళ్లు చెమర్చాయి. ఆగితే ఎంతొస్తుందో ఆ క్షణంలోనే అతనికి తట్టింది, తట్టినందుకు సిగ్గుపడ్డాడు. రెండూ నేను చూశాను.

పాలసీ అలాగే ఉంచారు. ఆర్లిస్ వంటగది వేడివేడి గిన్నెలతో నిండిపోయింది. మంచు పడింది. హార్లన్ బతికే ఉన్నాడు. తనిఖీ అధికారులు బ్యాంకు మూసెయ్యకుండా వసంతం దాకా గడువిచ్చారు. అతను ఇంకో నెల ఉండాలని కోరుకోవడానికీ, ఉండకూడదనుకోవడానికీ మాకందరికీ భయమే. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయేవాళ్లం.

మార్చిలో కర్టిస్ కోడికూర గిన్నెతో హార్లన్ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మంచం పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. హార్లన్ మెల్లగా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కాస్త ఆలస్యమవుతోంది కర్టిస్. ఏమీ అనుకోకు."