మార్కండేయ మిస్త్రీ బొటనవేలు

మార్కండేయ మిస్త్రీ బొటనవేలికి స్పర్శ పోయిందని నాందేడ్‌లో నా ఒక్కడికే తెలుసు. దెగ్లూర్ నాకా దగ్గర ఆయన షెడ్డు, దాని పక్కనే నా బ్యాటరీల దుకాణం. ఒకరోజు కాలుతున్న సైలెన్సర్ మీద చెయ్యి ఆనించుకుని నాతో వానల సంగతి మాట్లాడుతున్నాడు. కమురు వాసన నా ముక్కుకు తగిలింది.

"మిస్త్రీ, చెయ్యి తియ్యి" అన్నాను.

తీసి చూసుకున్నాడు. వేలు బొబ్బలెక్కింది. దవాఖానలో చూపించుకోమంటే అప్పుడు చెప్పాడు. "చూపిచ్చిన. షుగర్ అంట. మల్ల మామూలు అయితదని నమ్మకం లేదన్నరు. ఎవ్వలకు చెప్పకు నాగనాథ్. వత్సలకు అసలే చెప్పకు."

వత్సల ఆయన భార్య. ఆమెకు చెప్పకపోవడం నాకు నచ్చలేదు, కానీ భార్యాభర్తల మధ్య దూరడానికి నేనెవణ్ణి?

ఆ వేలు పోవడమంటే ఆయన బతుకుతెరువు పోవడమే. ఇంజన్ విప్పాక లోపలి ఇనుము మీద గోరు ఆనించి, బొటనవేలితో ఒకసారి నిమిరి "నడుస్తది" అన్నాడంటే బండివాళ్లు ఇంకేం అడిగేవాళ్లు కాదు. కుండల్‌వాడి నుంచి కూడా ఆ ఒక్క మాట కోసమే వచ్చేవాళ్లు. కొలిచే పనిముట్లు కొనుక్కోవయ్యా అని నేను ఎన్నిసార్లు పోరినా, నా వేలుండగా అవెందుకు అనేవాడు. మొండిఘటం.

ఎనభై ఆరులో, మోండా బజారులో ధాన్యం వ్యాపారం చేసే రాధాకిషన్ సేఠ్ ఒక టర్బో తెచ్చి ఆయన ముందు పడేశాడు. ఎక్కడో డ్యాం కట్టే చోట తుక్కు కింద అమ్మిన యంత్రంలోది. ఇంజన్ వదిలే పొగ వేగానికి తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని కూరే చక్రమది. జనాన్ని కుక్కుకుని మాహూర్ ఘాటు ఎక్కే తన జీపుకు బలం చాలడం లేదట. మిస్త్రీ దాన్ని బిగించి, డీజిల్ కూడా పెంచి ఇచ్చాడు. జీపు ఎగిరిపడింది. నెల తిరక్కుండానే ఘాటు మధ్యలో కనెక్టింగ్ రాడ్డు వంగి కూర్చుంది. పిస్టన్ మీద పడే దెబ్బనంతా మోసుకుని కింది క్రాంకును తిప్పేది ఆ రాడ్డే. అందులో ఉన్నవి చవకరకం పోత రాడ్లు.

"పోసిన ఇనుము గింత దెబ్బకు ఓర్వది సేఠ్. కాల్చి కొట్టిన రాడ్లు తెప్పియ్యాలె" అన్నాడు మిస్త్రీ.

అవి హైదరాబాద్ నుంచి వచ్చేసరికి నవరాత్రులు సగం గడిచాయి. సేఠ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. కనీసం దసరా తర్వాత వచ్చే కోజాగిరి పున్నానికైనా తల్లిని మాహూర్ రేణుకమ్మ దగ్గరికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు.

మిస్త్రీకేమో చాదస్తం పట్టుకుంది. కొట్టిన రాడ్ల అంచున సన్నటి గీత ఉంటుంది, పగులు అక్కడే మొదలవుతుందని నాలుగింటినీ కూర్చుని నున్నగా రుద్దాడు. రాడ్డు కింది గుండ్రంలో సగం రాడ్డుతో ఉంటుంది, మిగతా సగం విడిగా వచ్చే క్యాపు. రెండూ కలిపి బిగించాకే లోపల తొలుస్తారు కాబట్టి ఏ క్యాపు దాని రాడ్డుకే సరిపోతుంది. ఏది దేనిదో తెలియడానికి పక్కన నంబర్లు కొట్టి ఉంటాయి. ఈయన రుద్దుడుకు ఆ నంబర్లు కూడా పోయాయి. మళ్లీ కొడదామని లేచేసరికి సుత్తీ, అంకెలు కొట్టే పంచూ పసుపు కుంకాల్లో ఉన్నాయి.

తెల్లవారితే ఖండేనవమి, ఆయుధపూజ. పూజలో పెట్టిన పనిముట్టును దసరా దాటేదాకా ఈ ఊళ్లో ఎవడూ ముట్టడు. సుత్తి నా దగ్గరా ఉంది, అదీ పూజలోనే ఉంది. ఏం చేస్తాడు పాపం, గోనెపట్టా మీద రాడ్లు వరసగా పరిచి, ఏ రాడ్డు కాళ్ల దగ్గర ఆ క్యాపు పెట్టి ఇంటికి పోయాడు.

నవమి పొద్దున హారతి పళ్లెంతో వత్సల ఒక్కతే వచ్చింది. పండుగ పూట కొత్త ఇనుము జిడ్డు ఓడుతూ పడి ఉండడం ఆమెకు నచ్చలేదు. అన్నిటినీ కుంకుడుకాయతో కడిగింది. రాడ్లను గోడకు నిలబెట్టింది, క్యాపులన్నీ ఇత్తడి పళ్లెంలో పోసి, ఒక్కోదానికి బొట్టుపెట్టి మీద బంతిపూలు వేసింది.

దసరా మర్నాడు షెడ్డు తెరిచి చూస్తే, ఆ పళ్లెంలో ఏ క్యాపు ఏ రాడ్డుదో తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి.

"మంచిగనే పెట్టిన గద?" అంది మా వెనకే వచ్చిన వత్సల.

"మంచిగనే పెట్టినవు" అన్నాడాయన. ఆమె సంతోషంగా ఇంటికి పోయింది.

ఇక కూర్చున్నాడు. ఒక రాడ్డుకు ఒక క్యాపు బిగించడం, రెండూ కలిసే చోట లోపల బొటనవేలితో నిమరడం. వేరే రాడ్డు క్యాపు పడితే ఆ అతుకు దగ్గర వెంట్రుకంత మెట్టు తగలాలి. ఆయన నిమిరి, కళ్లు మూసుకుని, "గిది దీనిదే" అంటున్నాడు. నాకు అనుమానం వచ్చి వేరే క్యాపు వేసి ఇచ్చాను. నిమిరి దానికీ "గిది దీనిదే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అందాజుకు బిగిస్తవా మిస్త్రీ? గా జీపుల మనుషులెక్కుతరు."

"మరేం చెయ్యమంటవు? వేలు పోయిందని బోర్డు రాసి తలుపుకు కట్టుమంటవా?"

నా గోటితో చూద్దామంటే బ్యాటరీల యాసిడ్‌కు నా గోళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

మధ్యాహ్నం వత్సల అన్నం గిన్నె తెచ్చింది. పొద్దంతా ఇంటి దగ్గర బీడీలు చుట్టే మనిషి, ఆమె ముఖంలోనూ అలసటే. ఏం వెతుకుతున్నారని అడిగింది. దాచి లాభం లేక, క్యాపులు కలిసిపోయాయని నేనే చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆయన చేతిలోని రాడ్డు తీసుకుంది. తునికాకు కొసలు మడిచీ మడిచీ పదునెక్కిన గోరు. లోపల ఒక్కసారి పోనిచ్చింది.

"గీడ గోరు ఆగుతున్నది."

"ఏడ?" అన్నాడు మిస్త్రీ.

"గిక్కడ" అని ఆయన బొటనవేలు పట్టుకుని సరిగ్గా ఆ చోట పెట్టింది. ఆయన కదిలించాడు. మళ్లీ కదిలించాడు. "ఏడనే?" అన్నాడు. పరాచికాలనుకుని ఆమె నవ్వబోయింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసింది. వేలు తిప్పి మానిన కాలుడు మచ్చ చూసింది.

"ఎప్పటి సంది?"

"పోయిన వానకాలం సంది."

ఆమె అక్కడే కూర్చుని ఒక్కో రాడ్డుకూ ఒక్కో క్యాపూ వేయించి, గోరు ఎక్కడా ఆగకుండా పోయేదాకా మార్పిస్తూనే ఉంది. నాలుగూ జతపడేసరికి దీపాలు పెట్టే వేళయింది. అన్నం చల్లారిపోయింది.

పున్నం నాడు పొద్దున్నే రాధాకిషన్ వచ్చాడు. తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి, వేలు పెట్టి చూశావు కదా అని అందరూ అడిగేదే అడిగాడు. "ఉంగ్లీ లగాకే దేఖే నా, మిస్త్రీ?"

అవునంటే సరిపోయేది. పనిలో తప్పు లేదు, అబద్ధం ఎవరికీ తెలియదు. వత్సల తలుపు దగ్గర నిలబడి అవునను అన్నట్టు తల కూడా ఊపింది.

"నా వేలు సచ్చిపోయింది సేఠ్" అన్నాడు మార్కండేయ. "చూసింది వత్సల."

రాధాకిషన్ తల్లి చెయ్యి పట్టుకుని జీపులోంచి దింపాడు. బస్సులో పోదామన్నాడు. మిస్త్రీ తల వంచుకున్నాడు. నాకు ఆ సేఠ్‌ను నాలుగు తిట్టాలనిపించింది. కానీ తల్లి విషయంలో నేనైనా అదే చేసేవాణ్ణి.

అప్పుడు వత్సల వచ్చి ఆ ముసలమ్మ ఖాళీ చేసిన సీట్లో కూర్చుంది.

"చూసింది నేను. ఎక్కుడు గూడ నేనే ఎక్కుత. ముందుగాల నన్ను తీస్కపో సేఠ్. నేను వాపసు అచ్చినంక మీ అమ్మను తీస్కపో."

జీపు పోయింది. మేమిద్దరం రోజంతా షెడ్డులో కూర్చున్నాం. ఆయన బీడీ వెలిగించుకోవడం, అది ఆరిపోవడం. పొద్దుగూకాక జీపు వచ్చింది. వత్సల నడుం పట్టుకుని దిగింది. "మంచిగ ఎక్కింది. రేణుకమ్మకు మొక్కినం" అని ఇంటికి పోయి పడుకుంది. మర్నాడు సేఠ్ తల్లి అదే జీపులో మాహూర్ పోయింది.

దీపావళి తర్వాత కుండల్‌వాడి నుంచి ఒక జీపు వచ్చింది. మార్కండేయ ఇంజన్ విప్పి, క్రాంకు తుడిచి, అలవాటు కొద్దీ బొటనవేలు చాచాడు. బండాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మర్యాదగానే అడిగాడు.

"మిస్త్రీ, వత్సలబాయి లేదా ఇంట్ల?"

మార్కండేయ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఉన్నది. పిలుస్త" అని మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.