పచ్చగంట కాదు, పచ్చగన్నేరు

పెనుకొండలో ఒక వకీలుగారి బంగళా తోటలో నీళ్ళు పోసి, కలుపు తీసే పని చౌడక్కది. ఆమె తమ్ముడు పోతులయ్య పరిగి దారిలో, పెనుకొండకు దగ్గర్లోని ఒక పల్లెలో రంగయ్య అనే రైతు గొర్రెలు కాసేవాడు. 1941 ఎండాకాలంలో రంగయ్య దొడ్లో ఒక్క పూటలో పదకొండు గొర్రెలు నురగలు కక్కి చచ్చాయి. పని మానేస్తానని పోతులయ్య ముందురోజే అన్నాడు. విషం పెట్టింది వాడేనని రంగయ్య తేల్చేశాడు.

కబురంది చౌడక్క తోటపని కొడవలి నడుముకు ఉండగానే పరుగున వచ్చింది. తమ్ముణ్ణి బండి చక్రానికి కట్టేసి, రంగయ్యా అతని అన్నకొడుకులిద్దరూ వంతులేసుకుని చెర్నకోలతో కొడుతున్నారు. వీపంతా చీలికలైంది. ఎడమ కంట్లోంచి నెత్తురు కారుతోంది. అడ్డం పడితే ఆమెకూ చెవి మీద దెబ్బ తగిలింది. కింద కూలబడిన చౌడక్కకు దొడ్డి పక్కన పసుప్పచ్చ పూల చెట్టు కనబడింది.

"ఆ చెట్టు పేరేమప్పా?" అనడిగింది.

అది పచ్చగంట అనీ, అందానికని తన పెండ్లాం హిందూపురం నుంచి తెప్పించి నాటిందనీ చెప్పి రంగయ్య మళ్ళీ తిట్లకు దిగాడు.

"పచ్చగంట అలసందకాయ మాదిరి సన్నంగా, పొడుగ్గా కాస్తాది. దీని కాయ గుండ్రంగా ఉండాది చూడు. ఇది పచ్చగన్నేరు. మా తోటలో ఆవు దీన్ని తినే చచ్చింది."

రంగయ్య వినలేదు. చెర్నకోల పైకెత్తాడు. చౌడక్క చచ్చిన గొర్రెనొకదాన్ని ఈడ్చి, కొడవలితో పొట్ట చీల్చింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, సగం నమిలిన కాయలు, గట్టి గింజలు తీసి అతని కాళ్ళ ముందు విసిరింది. చెట్టు కింద రాలిన కాయనొకటి రాతితో పగలగొట్టి పక్కన పెట్టింది. అదే గింజ. మేత లేని గొర్రెలు గాలికి రాలినవాటిని తినేశాయి.

రంగయ్య గొడ్డలి తెచ్చి చెట్టును మొదలంటా నరికాడు. పోతులయ్యను మాత్రం విప్పలేదు. కట్లు చౌడక్కే కోసింది.

పోతులయ్యకు ఎడమ కన్ను పోయింది. చౌడక్క కేసు పెట్టి, కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పింది. రంగయ్య తరఫున వాదించింది ఆమె పనిచేసే బంగళా వకీలే. అయినా రంగయ్యకు ఆరు నెలల జైలు పడింది.

తీర్పు మర్నాడు ఆమె తోటకు పోలేదు. తమ్ముణ్ణి తీసుకుని ధర్మవరం చేరి, పట్టుదారం చుట్టే పనిలో కుదిరింది. ఆ వీధిలో ఎవరైనా గట్టిగా అరిస్తే పోతులయ్య రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయేవాడు. ఆమె చేతిలో పని వదిలి వచ్చి, పక్కనే కూర్చునేది.