జంగప్ప దాచుకున్న బండ

తాండూరు వైపు పుట్టినవాడికి బండ కొత్త కాదు. నేల బండ, పైకప్పు బండ, పశువుల తొట్టి బండ, చేను చుట్టూ నిలబెట్టిన కంచె కూడా బండే. జంగప్పలా చర్చికి పోయేవాళ్లకైతే చనిపోయాక సమాధి మీద పరిచేదీ అదే. ఆ చివరి బండను బతికుండగానే ఎంచుకున్నవాడు మాత్రం నేనెరిగినంతలో జంగప్ప ఒక్కడే.

గనిలో రాతి పొరలు విప్పడం అతని పని. ఒకరోజు నీలిరంగు పలక ఒకటి ఎక్కడా బీట లేకుండా లేచింది. సుత్తితో తడితే గంటలా మోగింది. గని సేటును బతిమాలి ఇంటికి తెచ్చి, నీళ్ల నల్లా పక్కన దించి, ఇది నా సమాధికి అని భార్య రాహేలమ్మకు చెప్పాడు. ఆమె సరేనంది. మర్నాడు దాని మీద బట్టలు ఉతికింది.

"నా సమాధి మీద ఉతుకుతున్నవా?"

"నువ్వు పండినంక ఎట్లాగూ ఉతకనియ్యరు. గప్పటిదాంక ఉత్తగెందుకుండాలె?"

పేరు చెక్కాల్సిన ముఖం పాడవుతుందని జంగప్ప బండను తిరగేశాడు. అటువైపు గరుకుగా ఉందని ఆమె పక్కింటివాళ్లను పిలిచి మళ్లీ తిప్పించింది. ఇలా కొన్నాళ్లు జరిగింది. ఎవరు గెలిచారో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఉతికిన చోట బండ నున్నబడి చిన్న గుంట పడింది.

కూతురు కృపారాణి ఆ ఇంటికి టైల్స్ వేయించినప్పుడు పాత బండలన్నీ ట్రాక్టరెక్కాయి. ఈ ఒక్కదాని మీద జంగప్ప ఎక్కి కూర్చున్నాడు. ట్రాక్టర్ వెళ్లిపోయేదాకా లేవలేదు.

మొన్న వానాకాలంలో రాహేలమ్మ జ్వరంతో పోయింది. తానే ముందు పోతానని జంగప్ప గట్టిగా నమ్మాడు. ఇంకోలా జరగొచ్చని తోచనే లేదు. చాలా ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, బండను శ్మశానానికి తీసుకుపొమ్మన్నాడు.

పేర్లు చెక్కే కుమారస్వామి గుంటను చూశాడు. "మామా, తిరగేద్దామా? గా దిక్కు పేరు సాఫ్‌గ వస్తది."

"తిప్పకు. తిప్పితే మీ అత్త ఊకోదు. పేరు అంచుకు చెక్కు."

కుమారస్వామి అంచున చెక్కాడు. గుంట పైకే ఉంది.

ఇప్పుడు జంగప్ప తన బట్టలు తానే ఉతుక్కుంటాడు, టైల్స్ మీద. జారిపోతుంటాయి, మురికి వదలదు. మొన్న కృపారాణి చూడలేక, "నాయినా, ఇంకో బండ తెప్పిస్త. ఇప్పుడు ఉతుకుడుకు, తర్వాత నీకు" అంది.

జంగప్ప చొక్కా పిండి తీగ మీద వేశాడు.

"నాకు బండెందుకు బిడ్డా? గొడవ పడేటామె పాయె."